చౌకైన ఆంపియర్లు, ఖరీదైన దారి

ఇంట్లో ఎలక్ట్రానిక్స్ పనికి ఒక బల్ల వేసుకున్న వాళ్లకు ఏదో ఒక రోజు ఆంపియర్లు చాలవు. పాత అడాప్టరు, 7805 ఐసీతో చేసుకున్న 5 వోల్టుల సప్లై ఒకటి రెండు ఆంపియర్ల పనులకు సరిపోతాయి. డ్రోన్ బ్యాటరీలు ఛార్జి చేయాలన్నా, ఎలక్ట్రిక్ సైకిలు మోటారును పరీక్షించాలన్నా, ఇత్తడి ముక్కకు నికెల్ పూత వేయాలన్నా, కారు ఆంప్లిఫయర్ బాగుచేయాలన్నా అవసరం ఒక్కసారిగా 10, 20, 30 ఆంపియర్లకు చేరుతుంది. వోల్టేజినీ కరెంటునూ మనకు కావలసినట్టు తిప్పుకునే ప్రయోగశాల సప్లై అంత సామర్థ్యంలో కొనాలంటే పదివేలల్లో పెట్టాలి. విద్యార్థులకూ, సరదా కొద్దీ నేర్చుకునేవాళ్లకూ అది అందే ధర కాదు. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఆగనక్కర్లేదు. పరిశ్రమల కోసం, కంప్యూటర్ల కోసం లక్షల సంఖ్యలో తయారైన సప్లైలు ఇవాళ కొన్ని వందలకో, రెండు మూడు వేలకో దొరుకుతున్నాయి. ఆంపియర్లు నిజంగానే చౌకయ్యాయి. కానీ ఆ ఆంపియర్లను సప్లై నుంచి పనిముట్టు దాకా మోసుకెళ్లే దారి ఉందే, వైరు, లగ్గు, స్క్రూ, ఫ్యూజు, అది మాత్రం చౌక కాలేదు. ఈ సంగతి ముందే తెలిసినవాళ్లకు తక్కువ డబ్బులోనే మంచి సప్లై అమరుతుంది. తెలియనివాళ్లు మంచి సప్లై కొని కూడా అది పనిచేయడం లేదనుకుంటారు.

13.8 వోల్టుల లెక్క

ఒక అవసరాన్ని ఎదురుగా పెట్టుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. లైసెన్సు తీసుకుని ఇంటి నుంచే దేశదేశాలతో మాట్లాడే హ్యామ్ రేడియో వాళ్ల అవసరం ఇందుకు సరిగ్గా సరిపోతుంది. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. మామూలు ఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో వాళ్ల రేడియోలే వార్తలు మోశాయి. అలాంటి రేడియోకు కావలసింది కాస్త కరెంటు, ఒక తీగ, నేర్పు.

100 వాట్ల హ్యామ్ రేడియోల్లో చాలావాటికి 13.8 వోల్టుల డీసీ కావాలి. కారులో ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర దాదాపు ఇంతే ఉంటుంది. సీసపు బ్యాటరీలో ఆరు గదులు, ఛార్జి నిలబెట్టడానికి గదికి 2.3 వోల్టులు, మొత్తం 13.8. ఐకామ్ కంపెనీ ఐసీ-7300 రేడియోనే తీసుకోండి. వింటున్నంతసేపూ అది 1 ఆంపియరు చుట్టుపక్కల వాడుకుంటుంది. మాట్లాడే మీట నొక్కగానే 21 ఆంపియర్ల దాకా లాగుతుంది. వోల్టేజి 15 శాతం అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది, అంటే కింద హద్దు 11.7 వోల్టులు. ఈ 11.7ను గుర్తుపెట్టుకోండి, ముందు దీనితో పనుంది.

బరువు ఎలా దిగింది

పాత పద్ధతిలో ఇలాంటి సప్లై చేయాలంటే పెద్ద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్ల బ్రిడ్జి, సీసాలంత కెపాసిటర్లు, వాటి తర్వాత 2ఎన్3055 లాంటి పవర్ ట్రాన్సిస్టర్లు కావాలి. ట్రాన్సిస్టర్ల దగ్గరికి 20 వోల్టులు వస్తాయి, బయటికి వెళ్లేవి 13.8. మిగిలిన 6.2 వోల్టులు వేడిగా పోవలసిందే. 20 ఆంపియర్ల దగ్గర ఆ వేడి 124 వాట్లు. ఒక్కో 2ఎన్3055 ఎంత చల్లగా ఉంచినా 115 వాట్లకు మించి ఓర్వదు, మామూలు వాడకంలో అందులో సగం కూడా ఎక్కువే. అందుకే నాలుగైదింటిని పక్కపక్కన కలిపి, కరెంటు సమంగా పంచుకోవడానికి ఒక్కోదానికి ఒక చిన్న రెసిస్టర్ పెట్టి, అరచేతి మందం అల్యూమినియం హీట్‌సింకు మీద బిగించేవారు. అవి చక్కగా పనిచేసేవి. ఇప్పటికీ రేడియోలో గుర్రుమనే రొద లేకుండా వినిపించాలంటే వాటికి సాటి లేదు. కాకపోతే బరువు, వేడి, ధర.

ఆ భారాన్ని దించింది స్విచింగ్ సప్లై, మనం రోజూ ఎస్ఎంపీఎస్ అనేది. దాని కిటుకంతా వేగంలో ఉంది. ఒకే తొట్టి నింపడానికి గంటకోసారి పెద్ద గంగాళంతో తేవచ్చు, లేదా చిన్న చెంబుతో ఆగకుండా పోస్తూ ఉండవచ్చు. మన లైను సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ప్రతి ఊపులో ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము ఎక్కువసేపు అయస్కాంతత్వాన్ని మోయాలి కాబట్టి ఇనుము ఎక్కువ కావాలి. అదే పని సెకనుకు 50 వేల నుంచి లక్ష సార్లు జరిగితే, ఒక్కోసారి మోయవలసింది ఎంతో తక్కువ. గుప్పిట్లో పట్టే ఫెరైటు ముక్క చాలు.

ఎస్ఎంపీఎస్ ముందుగా 230 వోల్టుల ఏసీని నేరుగా డీసీ చేస్తుంది. ఏసీ శిఖరం 230కి 1.414 రెట్లు, దాదాపు 325 వోల్టులు. ఆ 325 వోల్టులను ట్రాన్సిస్టర్లు వేగంగా తెరిచి మూస్తూ ఫెరైటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతాయి. అవతల తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు వస్తుంది. బయటి వోల్టేజి తగ్గితే తెరిచి ఉంచే సమయం పెరుగుతుంది, పెరిగితే తగ్గుతుంది. ట్రాన్సిస్టరు పూర్తిగా తెరిచో, పూర్తిగా మూసో ఉంటుంది కాబట్టి వేడి కొద్దిగానే పుడుతుంది. అంతరిక్ష, పారిశ్రామిక పరికరాల్లో ముందే ఉన్న ఈ పద్ధతిని 1977లో ఆపిల్-2 కంప్యూటరు కోసం రాడ్ హోల్ట్ డిజైను చేసిన సప్లై ఇంటి బల్ల మీదికి తెచ్చింది. ఇవాళ ఫోన్ ఛార్జరు నుంచి డేటా సెంటరు దాకా అదే పద్ధతి.

దుకాణంలో నాలుగు దారులు

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు లాంటి చోట్ల ఈ సప్లైలు కొత్తవీ పాతవీ దొరుకుతాయి. ముఖ్యంగా నాలుగు దారులున్నాయి.

మొదటిది పాత కంప్యూటరు ఎస్ఎంపీఎస్. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం వల్ల ఏ కంపెనీదైనా రంగులు సాధారణంగా ఒకటే. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు గ్రౌండు. ఆకుపచ్చ తీగను నలుపుకు కలిపితే సప్లై మేలుకుంటుంది. పాత మోడళ్లలో 12, 5 వోల్టులను ఒకే నియంత్రణ చూస్తుంది. 5 వోల్టుల వైపు ఏమీ తగిలించకుండా 12 నుంచి మాత్రమే లాగితే 12 కాస్తా దిగిపోతుంది. ఎరుపు, నలుపుల మధ్య 5 ఓముల, 10 వాట్ల సిమెంటు రెసిస్టరు పెడితే 1 ఆంపియరు భారం పడి నిలదొక్కుకుంటుంది. 10 ఆంపియర్ల దాకా పనులకు ఇది మంచి ఆరంభం. ఒక్క పసుపు తీగనే నమ్ముకోకండి, అవి సన్ననివి. మూడు నాలుగు పసుపువి కలిపి, అన్నే నల్లవి కలిపి వాడాలి.

రెండోది ఎల్ఈడీ బోర్డులకూ యంత్రాలకూ వాడే చిల్లుల పెట్టె సప్లై. తైవాన్ కంపెనీ మీన్ వెల్ చేసే ఎల్ఆర్ఎస్-350-12 ఈ జాతిలో పేరున్నది. 30 మిల్లీమీటర్ల మందం, కిలోలోపు బరువు, 12 వోల్టుల దగ్గర 29 ఆంపియర్లు. టెర్మినళ్ల పక్కన చిన్న ప్రీసెట్ ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవరుతో తిప్పితే వోల్టేజి 10.2 నుంచి 13.8 దాకా మారుతుంది. అంటే మన రేడియోకు కావలసిన అంకె సరిగ్గా అందులోనే ఉంది. అయితే మొత్తం 348 వాట్ల హద్దు మారదు. 13.8కి పెంచితే 25 ఆంపియర్లే తీసుకోవాలి. 21 కావాలి కాబట్టి ఇంకా కొంత మిగులుతుంది. కొన్న వెంటనే పక్కనున్న 115/230 స్విచ్ 230 మీద ఉందో లేదో చూడండి. 115 మీద పెట్టి మన లైనుకు తగిలిస్తే లోపలి వోల్టేజి రెట్టింపై కెపాసిటర్లు పేలిపోతాయి.

మూడోది పాత సర్వరు సప్లై. డేటా సెంటర్లు కొన్నేళ్లకోసారి సర్వర్లను మారుస్తాయి. సాధారణంగా ఒక్కో సర్వరుకు రెండు సప్లైలు భారాన్ని పంచుకుంటాయి కాబట్టి ఒక్కోదానికి జీవితమంతా సగం పని కూడా పడదు. ఒకటి ఆగితే రెండోది మోయాలి కదా, అందుకని రెంటినీ గట్టిగా కడతారు. తుక్కు ధరకు వచ్చినా లోపల సరుకు మేలైనది. హెచ్‌పీ సర్వర్లలో వచ్చిన డీపీఎస్-1200ఎఫ్‌బీ 12 వోల్టుల దగ్గర 100 ఆంపియర్లు ఇస్తుంది. అమెరికా లాంటి 110 వోల్టుల దేశాల్లో దాని హద్దు 900 వాట్లే. మన 230 వోల్టుల లైను మీద పూర్తి 1200 వాట్లూ వస్తాయి. అంత లాగేటప్పుడు గోడ వైపు 5.7 ఆంపియర్ల దాకా వెళ్తుంది కాబట్టి 6 ఆంపియర్ల సాకెట్టు వద్దు, 16 ఆంపియర్లది వాడండి. ఈ జాతికి ఇబ్బందులు రెండు. చిన్న ఫ్యాను చెవులు గింగిరులెత్తేలా మోగుతుంది. వోల్టేజి 12 దగ్గరే బిగుసుకుని ఉంటుంది.

నాలుగోది చాలా ఇళ్లలో ఇప్పటికే ఉంది. కరెంటు కోతల పుణ్యమా అని ఇన్వర్టరు పక్కన కూర్చున్న 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీ. రేడియోలో మాట్లాడేది నాలుగో వంతు సమయం, మిగతాదంతా వినడమే అనుకుంటే సగటు 6 ఆంపియర్లు. అలాంటి బ్యాటరీని విడిగా పెట్టుకుని, 7 లేదా 8 ఆంపియర్ల చిన్న ఛార్జరును ఎప్పుడూ తగిలించి ఉంచితే, 21 ఆంపియర్ల కుదుపును బ్యాటరీ చూసుకుంటుంది, ఛార్జరు నెమ్మదిగా నింపుతూ ఉంటుంది. ఉండుండి ఎక్కువ లాగే పనులన్నిటికీ ఇదే అన్నిటికన్నా చౌక దారి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట పెట్టాలి.

మిల్లీఓము దగ్గర తేలే మంచిచెడ్డలు

ఇప్పుడు దారి సంగతి. ఇంట్లో లైట్లకు వేసే 1.5 ఎంఎం వైరు, అంటే రాగి కోత 1.5 చదరపు మిల్లీమీటర్లు ఉన్నది, బల్ల మీద అందుబాటులో ఉంటుంది. సప్లై నుంచి పరికరానికి మీటరు దూరం. పోవడానికో మీటరు, రావడానికో మీటరు, మొత్తం రెండు. ఆ రాగి నిరోధం సుమారు 26 మిల్లీఓములు, అంటే ఓములో దాదాపు నలభయ్యో వంతు. మామూలు మల్టీమీటరు దాన్ని సున్నాగానే చూపిస్తుంది. కానీ 20 ఆంపియర్లు పారితే ఆ వైరులో అర వోల్టు పోతుంది, 10 వాట్ల వేడి పుడుతుంది. 12 వోల్టుల సర్వరు సప్లైతో మన రేడియోను ఆ వైరు మీద నడిపితే అవతలికి చేరేది 11.5. ఇందాక గుర్తుపెట్టుకున్న 11.7 కన్నా కింద. మీట నొక్కినప్పుడల్లా రేడియో ఆగిపోతుంది, నింద సప్లై మీద పడుతుంది. అదే 6 ఎంఎం వైరు వేస్తే పోయేది 0.13 వోల్టు.

ఇందులో భౌతికశాస్త్రం చిన్నదే, కానీ కఠినం. పోయే వోల్టేజి కరెంటుతో పాటు పెరుగుతుంది. పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. 2 ఆంపియర్ల దగ్గర నలుసంత కూడా తెలియని లోపం 20 ఆంపియర్ల దగ్గర నూరు రెట్లు వేడెక్కుతుంది. అందుకే చిన్న సప్లైలతో పెరిగిన అలవాట్లు, మెలిపెట్టిన తీగలు, మొసలి క్లిప్పులు, సన్నని బనానా ప్లగ్గులు ఇక్కడ పనికిరావు.

అతుకుల సంగతి వైరు కన్నా ముఖ్యం. స్క్రూ కింద తీగపోగులు చుట్టి బిగిస్తే అంటుకునేవి కొన్ని పోగులే. వేడికి రాగి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, బిగువు సడలుతుంది. సడలిన చోట నిరోధం పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. కొన్నాళ్లకు ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరగడం అక్కడే మొదలు. ఎలక్ట్రీషియన్లు థింబుల్ అనే రాగి లగ్గును సరైన క్రింపింగ్ పనిముట్టుతో నొక్కి వాడితే ఈ బాధ ఉండదు. స్క్రూ కింద పెట్టే పోగులకు టంకం పూయడం మంచిదనుకుంటారు కానీ, టంకం ఒత్తిడికి మెల్లగా అణిగిపోతుంది, కొన్నాళ్లకు స్క్రూ వదులవుతుంది.

మంచి అతుకేదో చెడ్డదేదో కొలిచి తెలుసుకునే ఉపాయం ఉంది, ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. దారిలో 10 ఆంపియర్లు పారనివ్వండి. మల్టీమీటరును మిల్లీవోల్టుల మీద పెట్టి, ఒక ముల్లును వైరు రాగికి, రెండోదాన్ని అతుకు దాటిన తర్వాత లోహానికి ఆనించండి. 10 మిల్లీవోల్టులు చూపిస్తే అక్కడ సరిగ్గా 1 మిల్లీఓము ఉన్నట్టు. చక్కగా నొక్కిన లగ్గు దగ్గర అంకె ఒకటి రెండు మిల్లీవోల్టులు దాటదు. 50 కనబడితే అక్కడ అర వాటు వేడి పుడుతోంది. 20 ఆంపియర్లకు వెళ్తే అది 2 వాట్లు, గోరంత చోటులో. సప్లై నుంచి పరికరం దాకా ఇలా ఒక్కో అతుకూ దాటుకుంటూ వెళ్తే, పోయిన అర వోల్టు ఎక్కడ పోయిందో వేలు పెట్టి చూపించవచ్చు. విద్యుత్ గురించి పుస్తకంలో చదివిన ఓమ్ సూత్రం చేతికి అందేది ఇక్కడే.

కరెంటుకు కళ్లెం

పైన చెప్పిన సప్లైలన్నిటిలో ఒక లోటుంది. అవి వోల్టేజిని నిలబెడతాయి, కరెంటును మనం చెప్పిన దగ్గర ఆపవు. ఎక్కువ లాగితే ఎల్ఆర్ఎస్ ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంది. సర్వరు సప్లై 100 ఆంపియర్ల దాకా మారుమాట లేకుండా ఇచ్చేస్తుంది. కొత్తగా చేసిన సర్క్యూట్‌ను పరీక్షించడానికీ, బ్యాటరీ ఛార్జికీ, లోహపు పూతకూ కరెంటుకు కళ్లెం కావాలి.

వోల్టేజి, కరెంటు రెండూ తిప్పుకునే స్టెప్‌డౌన్ మాడ్యూళ్లు ఇందుకోసమే వచ్చాయి. రైడెన్ ఆర్‌డీ6018 అలాంటిది, 60 వోల్టులు, 18 ఆంపియర్ల దాకా ఇస్తుంది. లోపలికి ఇచ్చిన దానికన్నా ఎక్కువ వోల్టేజి మాత్రం ఇవ్వలేదు. కాబట్టి దీనికి 12 వోల్టుల సప్లై కన్నా 48 వోల్టులది తగిన జోడీ. ఎల్ఆర్ఎస్-350-48 ఇచ్చేది 7.3 ఆంపియర్లే. అయినా మాడ్యూలు నుంచి 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు తీసుకోవచ్చు. బయటికి వెళ్లేది 216 వాట్లు, లోపలికి కావలసింది 48 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లకు కాస్త అటూ ఇటూ. వోల్టేజి తగ్గిన మేరకు కరెంటు పెరుగుతుంది. సప్లై కొనేటప్పుడు ఆంపియర్ల అంకె కన్నా ముందు వాట్ల అంకె చూడమనేది ఇందుకే.

చేయి కాలకుండా

12 వోల్టులు షాకు కొట్టవు. పొడి చర్మం గుండా మిల్లీఆంపియర్లే వెళ్తాయి. ఆ ధైర్యమే ప్రమాదం తెస్తుంది. బ్యాటరీ రెండు కొసల మధ్య స్పానరు పడితే వందల ఆంపియర్లు పారి లోహం ఎర్రబడుతుంది. వేలికి ఉంగరం, చేతికి కడియం ఉంటే అదే స్పానరు పాత్ర వహిస్తుంది. పని మొదలుపెట్టే ముందు తీసి పక్కన పెట్టండి.

ఫ్యూజును బ్యాటరీకీ సప్లైకీ ఆనుకునే పెట్టాలి. అది కాపాడేది తన తర్వాతి వైరును మాత్రమే. కార్లలో వాడే బ్లేడు ఫ్యూజులు 32 వోల్టుల దాకా సరిపోతాయి, ఆటోమొబైల్ షాపుల్లో అతి చౌక. 48, 60 వోల్టులకు డీసీ అని ముద్ర ఉన్న ఫ్యూజే కావాలి. ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి తెగిన చోట లేచిన మంట ఆరుతుంది. డీసీ సున్నాకు రాదు, ఆ మంట సాగుతూనే ఉంటుంది.

సర్వరు సప్లైలో 12 వోల్టుల మైనస్ పెట్టెకు, పెట్టె ఎర్తుకు కలిసి ఉంటాయి. రెండింటిని వరసగా కలిపి 24 చేయబోతే ఒకటి ఎర్తు దారిలో షార్టవుతుంది. దానికోసం ఎర్తు తీగ కత్తిరించే సలహా ఎవరిచ్చినా వినకండి, 24 కావాలంటే 24 వోల్టుల సప్లైనే కొనండి. ఏ ఎస్ఎంపీఎస్‌నూ ప్లగ్గు పీకగానే విప్పకండి, 325 వోల్టుల కెపాసిటర్లలో ఛార్జి నిలిచి ఉంటుంది. పాత మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మరుతో మాత్రం ఆటలొద్దు. దాని రెండో చుట్టు దగ్గర ఉండేది దాదాపు 2000 వోల్టులు, పొరపాటు జరిగితే రెండో అవకాశం ఉండదు.

కొన్నాక చేయవలసిన పరీక్ష

పాత సప్లైని దుకాణంలో మీటరు పెట్టి 12 చూపించగానే మురిసిపోకూడదు. భారం లేనప్పుడు చచ్చే దశలో ఉన్నదైనా 12 చూపిస్తుంది. కారు హెడ్‌లైటు హెచ్4 బల్బులు నాలుగు కొనండి. ఒక్కోటి 5 ఆంపియర్లు తీసుకుంటుంది, నాలుగు కలిస్తే 20. చల్లగా ఉన్న ఫిలమెంటు మొదటి క్షణంలో ఎన్నో రెట్లు లాగుతుంది కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి వెలిగించాలి. అరగంట వెలగనిచ్చి వోల్టేజి ఎంత దిగిందో, ఫ్యాను తిరుగుతోందో లేదో, ఏ అతుకు వేడెక్కిందో చూడండి. రేడియో పనికైతే పక్కన మీడియం వేవ్ పెట్టి ఆకాశవాణి పట్టి చూడండి. సప్లై వేయగానే గుర్రుమంటే స్విచింగ్ రొద బయటికి పొర్లుతోందన్నమాట. తీగలను ఫెరైటు రింగులో నాలుగైదు చుట్లు తిప్పితే చాలావరకు తగ్గుతుంది.

చివరికి డబ్బు లెక్క. సప్లైకి పెట్టదలచుకున్న మొత్తంలో మూడో వంతు ముందే పక్కన తీయండి, 6 ఎంఎం వైరుకు, లగ్గులకు, ఫ్యూజులకు, నాలుగు బల్బులకు. ఆ మూడో వంతు మిగుల్చుకుందామనుకుంటే మిగతా రెండు వంతులూ వృథా. పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో చదివే పిల్లలు తలా కొంత వేసుకుంటే తీరిపోయే ఖర్చే ఇది. ఒకప్పుడు కాలేజీ ప్రయోగశాలలో గంట సేపు మాత్రమే దొరికే 25 ఆంపియర్లు ఇప్పుడు ఇంట్లో, కావలసినంతసేపు వాడుకోవచ్చు. మోటారు ఎందుకు వేడెక్కుతుందో, బ్యాటరీ ఎందుకు త్వరగా దిగుతుందో, పూత ఎందుకు నల్లబడుతుందో ఎవరినీ అడగకుండా కొలిచి తేల్చుకోగల వీలు అది. ఎలక్ట్రిక్ వాహనాలు, సోలార్ పలకలు, బ్యాటరీ నిల్వలు వీధివీధికీ వస్తున్న ఈ రోజుల్లో, ఎక్కువ కరెంటును భయం లేకుండా, జాగ్రత్త తప్పకుండా వాడటం తెలిసిన చేతులు మనకు చాలా కావాలి.